టోకెన్ తీసుకుని కూర్చున్న మేడం

ఈ ఏడాది మా ఆసుపత్రిలో ఫ్యామిలీ మెడిసిన్ పీజీ సీట్లన్నీ నిండాయి. బయటివాళ్లకి ఇదేమంత వార్త కాకపోవచ్చు. మాకు మాత్రం పెద్ద వార్తే. ఒకప్పుడు కౌన్సెలింగ్ చివరి విడత దాకా ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయే సీట్లవి. కొత్తగా చేరిన పిల్లలకి ఆసుపత్రి చూపించే పని నాకు అప్పజెప్పారు. సెమినార్ హాల్లోకి తీసుకెళ్లగానే ఒకమ్మాయి గోడమీది ఫోటో చూసి, "ఈవిడెవరు మేడం?" అంది.

"మన డిపార్ట్‌మెంట్ మొదలుపెట్టినావిడ" అన్నాను. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాను. ఆ పిల్ల తలూపి పక్క గదిలోకి వెళ్లింది.

ఫోటోలో ఆవిడ తెల్లకోటు వేసుకుని, బిగుసుకుపోయి, కెమెరాకేసి కోపంగా చూస్తుంటారు. బతికుండగా ఆవిడ తెల్లకోటు వేసుకోగా నేను చూడలేదు. గుర్తింపు కార్డు కోసం ఎవరి కోటో అడిగి తీసుకుని తీయించుకున్న ఫోటో అది. నాకు గుర్తున్నావిడ మంగళగిరి నేత చీర కట్టుకుని, దానికి గంజి ఎక్కువై, నడిచినప్పుడల్లా అది గరగరలాడుతుంటే, భుజానికి లంచ్ బ్యాగు తగిలించుకుని వచ్చేవారు. స్టెతస్కోపు కూడా ఆ బ్యాగులోనే. అందుకని ఆవిడ గుండె చప్పుడు వినడానికి వంగితే పేషెంటుకి ఆవకాయ వాసన వచ్చేది. "ఇవాళ ఏం కూర డాక్టరు గారూ?" అని అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఆవిడ చెప్పేవారు కూడా.

ఆవిడ ముందు 'కేసు' అనే మాట అనకూడదు. డ్యూటీలో ఉన్నవాళ్లు అలవాటుకొద్దీ "మేడం, నిన్న ఒక డయాబెటిస్ కేసు వచ్చింది" అంటే చాలు, చెయ్యెత్తి ఆపేసేవారు. "కేసులు పోలీస్ స్టేషన్లో ఉంటాయమ్మా. వచ్చినాయన పేరు చెప్పు. ఏ ఊరు? ఇంట్లో ఎవరెవరుంటారు?" అనేవారు. తెలియకపోతే వెళ్లి కనుక్కుని రావాల్సిందే. చిత్రమేమిటంటే మా పేర్లు మాత్రం ఆవిడకి గుర్తుండేవి కాదు. ఆడపిల్లలందరం 'అమ్మడూ', మగపిల్లలందరూ 'అబ్బాయ్'. ఎప్పుడో వచ్చి వెళ్లిన ఉయ్యూరు మనిషి చిన్నకోడలికి కాన్పయిందా లేదా అన్నది మాత్రం గుర్తుండేది.

ఆవిడేం దేవత కాదు. కోపం ఎక్కువ. మధ్యాహ్నం భోజనాలయ్యాక మాతో కారమ్స్ ఆడేవారు, దర్జాగా దొంగాట ఆడేవారు. స్ట్రైకర్ గీత దాటించి పెట్టి, అదేమిటని అడిగితే, "నా కళ్లకి గీత కనపడదమ్మా, ముసలిదాన్ని" అనేవారు. అదే కళ్లకి వార్డులో చివరి మంచం మీద పేషెంటు కాళ్లకి నీరొచ్చిన సంగతి గుమ్మంలోంచే కనపడేది.

నేను ఆవిడ దగ్గరికి ఇష్టపడి వెళ్లలేదు. జనరల్ మెడిసిన్ కావాలనుకున్నాను, ర్యాంకు రాలేదు. ఇంకేవీ మిగల్లేదు. మా అమ్మ బంధువుల్లో ఎవరైనా అడిగితే "పీజీ చేస్తోంది" అని అక్కడితో మాట మార్చేసేది. చేరిన రోజున మేడం నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, "ఈ బ్రాంచికే ఎందుకొచ్చావు?" అని అడిగారు.

కుటుంబ వైద్యం మీద ఆసక్తి అని చెప్పమని స్నేహితులు నేర్పి పంపారు. ఆవిడ మొహం చూశాక ఆ మాట నోట్లోంచి రాలేదు. "ర్యాంకు రాలేదు మేడం" అన్నాను.

"హమ్మయ్య. పోయినేడు వచ్చినవాడు సమాజసేవన్నాడు. నెల తిరక్కుండా పోయాడు. నువ్వు నయం" అన్నారు.

నాతోపాటు చేరినవాడు బందరు కుర్రాడు రఫీ. మేమిద్దరమే ఆ ఏడు. మా చదువులో సగం తిరగడమే. కొన్నాళ్లు పిల్లల వార్డు, కొన్నాళ్లు కాన్పుల వార్డు, కొన్నాళ్లు సర్జరీ. ఏ వార్డుకి వెళ్లినా మేము చుట్టపుచూపుగా వచ్చినవాళ్లమే, కాబట్టి ఎవరూ చేయని పనులు మాకు. సర్జరీలో మాచేత పొద్దస్తమానం కట్లు మార్పించడమే తప్ప ఆపరేషన్ థియేటర్లోకి రానివ్వడంలేదని మేడానికి తెలిసింది. ఆ విభాగం పెద్దాయన గదికి మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లారు. "సార్, రేపు వీళ్లు ఏ పల్లెటూళ్లోనో ఒక్కళ్లే కూర్చుంటారు. ఎవరికో చీముగడ్డ వస్తుంది. కోయడం రాకపోతే మీ దగ్గరికే పంపుతారు. మీకే పని పెరుగుతుంది. నేర్పిస్తారా, పంపించమంటారా?" అన్నారు. ఆయన నవ్వేశారు. మర్నాటినుంచి థియేటర్లోకి రానిచ్చారు.

రఫీ ఎక్కువ రోజులు ఉండలేదు. మళ్లీ పరీక్ష రాస్తే రేడియాలజీ వచ్చింది. మేడం తిడతారని భయపడి, రాజీనామా కాగితం నన్నివ్వమన్నాడు. నేనివ్వనన్నాను. ఆఖరికి వాడే వెళ్లాడు. మేడం సంతకం పెట్టి, క్యాంటీన్ నుంచి అందరికీ పునుగులు తెప్పించారు. "మంచి రేడియాలజిస్టు ఒకడు మనవాడైతే మనకేగా లాభం. నేను ఫోన్ చేస్తే ఎత్తు. అంతే" అన్నారు. వాడు పునుగు చేత్తో పట్టుకుని తింటానికి లేక, పారేయటానికి లేక నిలబడిపోయాడు.

ఒక్కదాన్నే మిగిలాను. వదిలేసి మళ్లీ పరీక్ష రాయాలన్న ఆలోచన నాకూ పోలేదు. మధ్యలో మానేస్తే నిబంధనలు ఏమంటాయో వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ ఉండేదాన్ని. మేడానికి తెలుసు. ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

వారానికోసారి చల్లపల్లి దగ్గర పల్లెలో మా ఆసుపత్రివాళ్ల చిన్న క్లినిక్‌కి వెళ్లేవాళ్లం. ఆసుపత్రి వ్యానులో బెజవాడనుంచి ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి మీదుగా ప్రయాణం. దారి పొడుగునా మేడం కిటికీ పక్కన కూర్చుని, ఎవరి పొలం కోతకొచ్చింది, ఎవరు అరటి వేశారు, ఎవరు చెరువు తవ్వి రొయ్యల్లోకి దిగారు అని చూస్తూ ఉండేవారు. "అమ్మడూ, ఆ చెరువాయనకి బీపీ వస్తుంది చూడు" అనేవారు. చాలాసార్లు వచ్చేది కూడా.

ఆ క్లినిక్‌కే ఒక శీతాకాలం పొద్దున వెంకటేశ్వరరావు వచ్చాడు. యాభై దాటిన మనిషి. కౌలుకి అరటితోట వేసేవాడు. పొట్ట పైభాగాన మంటగా ఉందన్నాడు. ముందురోజు సాయంత్రం చల్లపల్లి సెంటర్లో బజ్జీలు తిన్నానని అతనే చెప్పాడు. ఆ రోజు బయట జనం వరండా దాటి రోడ్డు మీదికి వచ్చేశారు. మేడం నాడి చూసి, పొట్ట నొక్కి చూసి, "గ్యాసే. ఇంజెక్షన్ చేసి పంపించమ్మా" అన్నారు.

పక్కగదిలో ఇంజెక్షన్ చేస్తుంటే అతని చొక్కా వీపంతా తడిసి కనిపించింది. బయట జనం చలికి శాలువాలు కప్పుకుని ఉన్నారు. క్లినిక్‌కి కొత్తగా ఈసీజీ మిషను వచ్చింది, నాకింకా చేయి తిరగలేదు. నేర్చుకున్నట్టు కూడా ఉంటుందని తీశాను. కాగితం బయటికి రాగానే చింపుకుని పరిగెత్తుకెళ్లి మేడం ముందు పెట్టాను.

ఆవిడ చూశారు. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ చూశారు. గుండెపోటు. సందేహం లేదు.

"ఆస్పిరిన్ నమిలించు. వ్యాను తియ్యమను" అన్నారు. అప్పటికే లేచి పక్కగదిలోకి నడుస్తున్నారు.

బెజవాడలో మా గుండె విభాగానికి ఫోన్ చేసి సిద్ధంగా ఉండమన్నాం. వ్యానులో మేడం అతని పక్కన ఇరుక్కుని కూర్చుని, మణికట్టు వదలకుండా పట్టుకున్నారు. అతను కళ్లు మూస్తే, "వెంకటేశ్వరరావూ, గెల ఎంత పలుకుతోందయ్యా ఇప్పుడు?" అని ఏదో ఒకటి అడిగి మాట్లాడించేవారు. కంకిపాడు దాటాక, అతనికి వినపడకుండా నాతో, "నేను గ్యాసన్నాను కదమ్మా" అన్నారు.

"అవును మేడం."

"ఊఁ" అన్నారు. అంతే.

అతను బతికాడు. మూసుకున్న రక్తనాళం తెరిచి స్టెంట్ వేశారు.

శనివారం అన్ని విభాగాల పెద్దలూ కూర్చునే సమావేశంలో ఆ సంగతి నేను చెప్పాలి. స్లైడ్లు తయారుచేశాను. మొదట మేడం ఏమన్నారో అందులో పెట్టలేదు. 'ఈసీజీ తీయగా' అని మొదలుపెట్టాను. రెండో స్లైడ్ దగ్గర ఆవిడ లేచి నిలబడ్డారు.

"ఒక్క నిమిషం. ఈయన్ని మొదట చూసింది నేను. గ్యాసని చెప్పి ఇంటికి పంపించమన్నాను. బజ్జీ అనే మాట విన్నాక ఇంక నేనేమీ వినలేదు. చెమటలు పడుతున్నాయా అని అడగలేదు. ఈ అమ్మాయి అడక్కుండానే చూసింది. ఇక చెప్పమ్మా" అని కూర్చున్నారు.

తర్వాతి స్లైడ్ ఏమిటో మర్చిపోయాను. అయ్యాక సూపరింటెండెంట్ గారు ఆవిడ దగ్గరికి వచ్చి, "మన మధ్య అన్నారు, బాగుంది. ఇంటివాళ్లతో మాత్రం అనకండి మేడం. రోజులు బాగాలేవు. మొన్న పక్కూళ్లో డాక్టరు మీద చెయ్యి చేసుకున్నారు" అన్నారు. ఆవిడ తలూపారు. సరేనన్నారనే అనుకున్నాను.

తర్వాతి వారం క్లినిక్ అయ్యాక, "పద, వెంకటేశ్వరరావు ఇంటికి" అన్నారు.

అతను వసారాలో మంచం మీద పడుకుని ఉన్నాడు. భార్య నాగమణి మాకు కుర్చీలు వేసి మజ్జిగ తెచ్చింది. అతని తమ్ముడు శ్రీను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. "మీరు దేవుళ్లండి" అంది నాగమణి.

"కాదమ్మా" అన్నారు మేడం. గ్లాసు కింద పెట్టేశారు. "నేను మొదట చూసి గ్యాసని చెప్పాను. అది తప్పు. ఈ అమ్మాయి ఈసీజీ తియ్యకపోతే మీ ఆయన్ని నేను ఇంటికి పంపేసేదాన్ని. ఆ సంగతి మీకు తెలియాలి."

శ్రీను ముందుకొచ్చాడు. "అంటే ఏంటండీ? మా అన్నని చంపేసేవాళ్లా? ఇంత తేలిగ్గా చెప్తారేంటి?" గొంతు పెరిగింది. వీధిలోంచి ఇద్దరు ముగ్గురు తొంగిచూశారు. నేను లేచి నిలబడ్డాను. మేడం లేవలేదు. "తేలిగ్గా చెప్పడంలేదయ్యా" అన్నారు. ఆవిడ చేతులు ఒళ్లో బిగుసుకుని ఉన్నాయి.

"నువ్వాగు శ్రీనూ" అంది నాగమణి. మేడం వైపు తిరిగింది. "సరేనండి. చెప్పారు. ఇంకెవరైనా అయితే చెప్పరు. ఇప్పుడు ఈ మందులన్నీ ఎన్నాళ్లు వాడాలి? ఈయన పొలం వెళ్లొచ్చా? రేపేదన్నా అయితే మేమెవర్ని అడగాలి?"

"నన్నడగండి. నా మీద నమ్మకం లేకపోతే ఈ అమ్మాయిని అడగండి."

నాగమణి ఏమాత్రం మొహమాటపడలేదు. "అయితే ఈ అమ్మాయినే అడుగుతాం" అంది.

వ్యాను దగ్గరికి కాలవగట్టు మీద నడుస్తున్నప్పుడు మేడం మొహం చూడాలంటే భయమేసింది. ఆవిడ నవ్వుతున్నారు. "చూశావా, నీకో ఇల్లు దొరికింది" అన్నారు. "నాకు మొదటి ఇల్లు దొరకడానికి చాలా కాలం పట్టింది."

మర్నాడు పొద్దున్నే నాగమణి ఫోన్ చేసింది, కూరలో ఉప్పు ఎంత వేయాలని. ఆ తర్వాత పరీక్షల గురించీ, నిబంధనల గురించీ నేనెవర్నీ అడగలేదు.

కోర్సయ్యాక అదే విభాగంలో ఉద్యోగంలో చేరాను. ఒకరోజు ఓపీలో నర్సు టోకెన్ పిలిచింది. తలుపు తోసుకుని మేడం వచ్చారు. బయట బల్లమీద పేషెంట్ల మధ్య కూర్చుని, తన వంతు వచ్చేదాకా ఆగి వచ్చారట.

"ఇదేంటి మేడం, పిలిస్తే నేనే వచ్చేదాన్ని కదా?"

"పేషెంటు డాక్టరు దగ్గరికి రావాలి గానీ డాక్టర్ని పిలవడమేంటి? కూర్చోనా?" అన్నారు. కూర్చున్నారు. "ఒళ్లంతా దురదగా ఉంది. అన్నం సయించడంలేదు. నెలరోజుల్లో జాకెట్లు వదులయ్యాయి."

కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుతురులో కనురెప్ప కిందికి లాగి చూశాను. తెల్లగుడ్డు పచ్చగా ఉంది. ఆవిడ నా మొహమే చూస్తున్నారు.

"పెద్దవాళ్లున్నారు కదా మేడం, గ్యాస్ట్రో సార్‌కి చూపిద్దాం" అన్నాను.

"చూపిద్దువుగాని. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తాను. కానీ పంపించేది నువ్వవ్వాలి. అందర్నీ చూసి తిరిగొచ్చేదీ నీ దగ్గరికే. ఇన్నాళ్లూ ఊళ్లోవాళ్లందరికీ ఒక డాక్టరుండాలని చెప్పుకుంటూ తిరిగాను. నాకే లేరు."

స్కాను రఫీ పనిచేసే సెంటర్లోనే తీయించాను. మొదటి రింగుకే ఫోన్ ఎత్తాడు. బొమ్మలు ముందు పెట్టుకుని ఒక్కొక్కటే మళ్లీ చూశాడు. "పాంక్రియాస్‌లో క్యాన్సర్. లివర్లోకీ వెళ్లింది" అన్నాడు. తర్వాత, "మేడంతో ఎవరు చెప్తారు?" అన్నాడు.

నేనే చెప్పాను. ఆవిడ ఏడవలేదు. కాసేపు తన చీర అంచు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టారు. "పిత్తనాళంలో స్టెంట్ వేస్తే దురద తగ్గుతుందా?" అన్నారు. తగ్గుతుందన్నాను. "అయితే అది వేయించు. మిగతాది చూద్దాం. మా అక్కకి మాత్రం నువ్వే చెప్పాలి. నావల్ల కాదు."

సత్యనారాయణపురంలో మేడమూ, ఆవిడ అక్కగారూ ఒక మేడమీది వాటాలో ఉండేవారు. అక్కగారు హిందీ టీచరుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయాక చెల్లెలి దగ్గరికి వచ్చేశారు. మితభాషి. నేను చెప్పిందంతా విని, "అది నాకన్నా చిన్నది" అన్నారు. లోపలికి వెళ్లి పొయ్యిమీద పాలు దించి వచ్చారు.

కీమో ఒక విడత తీసుకున్నారు. పడలేదు. ఇక వద్దన్నారు. నేను వారంలో రెండు మూడుసార్లు వెళ్లేదాన్ని. అంత చెడ్డ పేషెంటుని నేను చూడలేదు. నేను రాసిన డోసు తగ్గించేసేవారు. నొప్పి ఎంతుందంటే అబద్ధం చెప్పేవారు. మార్ఫిన్ మాత్రలు డబ్బాలోనే ఉండేవి. ఒక సాయంత్రం ఆవిడ మంచంపట్టీ పట్టుకుని పళ్లు బిగించి కూర్చుని ఉండటం చూసి నాకు ఒళ్లు మండింది.

"ఇవెందుకు వేసుకోలేదు?"

"మగతగా ఉంటుందమ్మా. నీకు తెలీదులే. ఆ డోసు ఎక్కువ. నేను చూసుకుంటాలే."

"మీరు పేషెంటు మేడం. డాక్టర్ని నేను" అన్నాను. అంత గట్టిగా వస్తుందనుకోలేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

మేడం నన్ను ఎగాదిగా చూశారు. తర్వాత దిండుకి ఆనుకుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, "అయితే చెప్పండి డాక్టరు గారూ. ఎప్పుడెప్పుడు వేసుకోమంటారు?" అన్నారు.

వెటకారమేమో అనుకున్నాను. కాదు. ఆ రోజునుంచి మందుల సంగతి వచ్చినప్పుడల్లా నన్ను 'మీరు' అనేవారు. చెప్పింది చెప్పినట్టు వేసుకునేవారు. ఆ మాట అయిపోగానే మళ్లీ 'నువ్వు'. "మీరు రాసిన సిరప్ పనిచేసిందండీ. నువ్వేంటి, మొహం అలా పీక్కుపోయింది, తిన్నావా?" ఒకే గుక్కలో రెండూ. నవ్వాపుకోలేకపోయేదాన్ని.

పోయేముందు వారం ఆసుపత్రికి తీసుకెళ్లొద్దని నాచేత మాట తీసుకున్నారు. ఒక మధ్యాహ్నం ఊపిరి మధ్య ఖాళీలు పెరిగాయి. అక్కగారిని పిలిచి, చెయ్యి పట్టుకోమన్నాను. "వింటుందా?" అని అడిగారావిడ. వింటారన్నాను. ఆవిడ వంగి చెల్లెలి చెవిలో ఏదో చెప్పారు. ఏం చెప్పారో నేనడగలేదు. కాసేపటికి ఊపిరి మళ్లీ రాలేదు. మరణ ధ్రువపత్రం రాస్తున్నప్పుడు తెలిసింది, ఆవిడ పూర్తి పేరు నా చేత్తో రాయడం అదే మొదటిసారని.

కర్మకాండలన్నీ అయ్యాక ఒక ఆదివారం వెళ్లాను. ఎందుకు వెళ్తున్నానో నాకే సరిగ్గా తెలియదు. చుట్టాలంతా వెళ్లిపోయారు. మంచం తీసేసిన చోట నేల తెల్లగా ఉంది. అక్కగారు కాఫీ ఇచ్చారు. ఇద్దరం తాగాం. నేను బ్యాగు తీసుకుని లేచాను.

"దానికోసం వచ్చేదానివి. ఇంక నీకీ ఇంట్లో పనేముంటుందిలే" అన్నారు అక్కగారు. నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అన్నారు.

గుమ్మం దాకా వచ్చి, తలుపు పట్టుకుని నిలబడ్డారు. నేను చెప్పుల్లో కాళ్లు పెడుతుండగా, "అమ్మాయ్" అన్నారు. "మోకాళ్లు రెండూ పట్టేస్తున్నాయి. మెట్లు దిగి వెళ్లి కూరలు తెచ్చుకోలేకపోతున్నాను. దానికి చెప్తే నొప్పి మాట వదిలేసి నాకు క్లాసు తీసుకునేది. అందుకని చెప్పలేదు."

చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వెళ్లాను. ఆవిడ కుర్చీలో కూర్చుని, సిగ్గుపడుతూ, కుచ్చిళ్లు కొంచెం పైకి జరుపుకున్నారు. నేను నేలమీద కూర్చుని కుడి మోకాలి మీద చెయ్యి వేశాను. వాచి, వెచ్చగా ఉంది.

"ఎప్పట్నుంచండీ?" అని అడిగాను.